మూగవోయిన ల్యాప్‌టాప్

గడచిన పుష్యమాసమున ఒకనాటి ప్రాతఃకాలమున మా యింటి ల్యాప్‌టాప్ మూగవోయెను. ముందటి రాత్రి తొమ్మిది గంటల వఱకు చక్కగా మాటలాడినదే. నిద్రించుటకు ముందు, లోని వ్యవస్థను క్రొత్తది చేసి మూసివేయవలెనా యని అది తెఱమీద అడుగగా, మేము సరే యని నొక్కి పరుంటిమి. తెల్లవాఱి తెఱచి చూతుము గదా, బొమ్మలు కదలుచున్నవి, అక్షరములు వచ్చుచున్నవి, పాఠము చెప్పు పంతులుగారి పెదవులు సయితము ఆడుచున్నవి. ధ్వని మాత్రము లేదు. దిగువ మూలనున్న స్పీకరు గుర్తును నొక్కి శబ్దమును నూటికి నూరు వంతులకు జరిపినను ఫలము లేకపోయెను.

ఇది పత్రిక కెక్కింపదగినంతటి సంగతియా యని సోదరీమణులు కొందఱు తలపవచ్చును. మా యింట అది అల్పవిషయము కాలేదు. కారణము విన్నవించెదము.

మే ముండునది వికారాబాదు జిల్లాలోని పెద్దేముల్. మా వారు బడిలో హిందీ పండితులు. 2020వ సంవత్సరమున కరోనా జాడ్యమువలన బడులు మూతబడి, ఆ సెప్టెంబరు 1వ తేదీనుండి మన రాష్ట్రమున టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్ల ద్వారా పాఠములు చెప్పుట మొదలైనప్పుడు ఈ యంత్రమును కొంటిమి. బడులు తెఱచిన పిదప అది అటక యెక్కలేదు. మఱియొక పనికి వచ్చినది. మా వీధిలో నలుగురు స్త్రీలు కలరు. అందఱును చిన్ననాడే చదువు మాని కాపురములకు వచ్చినవారు. వారు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీవారి పదవ తరగతి పరీక్షకు పేరులు వ్రాయించుకొనిరి. ఇంతకు మించిన వయస్సు పనికిరాదను నిబంధన ఆ పరీక్షకు లేదు.

వారికి పగలెల్ల కందిచేలలో పని. తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించి పేరు పెరిగినది గాని, కంది కోసి, కట్టలు గట్టి, కొట్టి, తూర్పారబట్టు చేతులకు విశ్రాంతి పెరుగలేదు. దీపములు పెట్టిన వెనుక వారు వచ్చి మా నడవలోని నాపరాళ్లమీద చాప పఱచుకొని గంటన్నరసేపు పాఠములు విందురు. తెలుగు పద్యములకు మేము అర్థము చెప్పుదుము. హిందీ మా వారు చెప్పుదురు. గణితము, సామాన్యశాస్త్రము మా యిరువురకును చెప్పునంత రావు. వానిని చెప్పునది ఆ యంత్రమే. నలుగురిలో ఇద్దఱు వడిగా చదువలేరు. చెవిని బడినదే వారి మనస్సున నిలుచును. ఫోనులు లేవా యందురేమో. ఉన్నవి, మగవారి జేబులలో. దొరకినను ఆ చిన్న తెఱ ముందు నలుగురు కూర్చుండి త్రిభుజముల గీతలు చూడలేరు.

యంత్రము మూగవోయిన మూడవనాటి సాయంకాలమున వారిలో చిన్నది, రెండేండ్ల బిడ్డ తల్లి, గుమ్మము కడనే నిలిచి, "అక్కా, ఇగ పాఠాలు లేవు గద. మల్ల ఎందుకు పోతున్నవని మా అత్తమ్మ అడుగుతున్నది" అనెను.

"రేపటికి చూద్దాం, నువ్వైతే రా" అంటిమి. అనుటయే గాని ఏమి చూడవలెనో మాకు తెలియదు. ఒకమాఱు మానిన చదువును రెండవమాఱు మానుటకు అంతకంటె పెద్ద కారణ మక్కఱలేదని మాత్రము తెలియును.

మఱునాడు యంత్రమును పాత చీరలో చుట్టి, సంచిలో బెట్టుకొని, బస్సులో తాండూరు పోతిమి. అచట ఒక దుకాణములోని యబ్బాయి దానిని రెండు నిమిషములు త్రిప్పి చూచి, "మదర్‌బోర్డు పోయింది మేడం. ఏడువేలైతది. నాలుగు రోజులు ఇక్కడ పెట్టిపోండ్రి" అనెను. అతనిని నిందించుట మా యుద్దేశము కాదు. దినమెల్ల యంత్రములు విప్పువానికి ఒక్కొక్కదాని పూర్వచరిత్ర వినుటకు తీఱిక యుండదు. కాని మా యింట ఏడువేల రూపాయ లనగా మా యమ్మాయి కాలేజీలో చేఱుటకై కూడబెట్టిన సొమ్ములో సగము. సరే యనుటకు నోరు తెఱచియు, "ఇంట్ల అడిగి వస్తం" అని చెప్పి సంచి తీసికొని బయటికి వచ్చితిమి.

తిరుగు బస్సులో కూర్చుండి యోచించితిమి. యంత్రము క్రింద పడలేదు. నీరు తగులలేదు. పిడుగు పడలేదు. రాత్రి పలికినది ఉదయమున పలుకలేదు. ఆ నడుమ జరిగినది ఒక్కటే, లోని వ్యవస్థ మాఱుట. నిత్యము వండెడి పులుసు ఒకనాడు చేదైనచో మనము పొయ్యి పగులగొట్టి క్రొత్తది వేయించుకొనము. నేడు క్రొత్తగా వేసిన దేమి యని మొదట చూతుము. ఈపాటి యుక్తి యంత్రముపట్ల మాత్ర మేల పనికిరాదు?

మూగయైనను దానికి చదువు పోలేదు గదా. ఆ రాత్రియు మఱునాటి రాత్రియు దాని తెఱమీదనే దాని వ్యాధినిగూర్చి వెదకి చదివితిమి. ఆంగ్లము మాకు కొలదిగా వచ్చును. తెలియని మాటలకు మా వారిని అడిగితిమి. గ్రహించినంతవఱకు సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

యంత్రములో ధ్వని అంకెల రూపమున నుండును. సంగీతపు సీడీలో ఒక్కొక్క చెవికి సెకనునకు 44,100 అంకెల చొప్పున వ్రాయబడి యుండును. ఆ యంకెలను విద్యుత్తరంగములుగా మార్చుటకు లోపల ఒక చిన్న చిప్పు కలదు. ఆ తరంగములు స్పీకరులోని పలుచని పొరను కదల్ప, గాలి కదలి, మన చెవికి మాట వినబడును. అయితే విండోస్ వంటి మూలవ్యవస్థకు చిప్పుల భాషలన్నియు రావు. చిప్పులు చేయు కంపెనీలు పెక్కు. ఒక్కొక్కదాని తీరు వేఱు. కావున ఇరువురి నడుమ మాట నడపుటకు ఒక చిన్న ప్రోగ్రాము నియమింపబడి యుండును. దానిని డ్రైవ రందురు.

డ్రైవరనగా సారథియే గదా. చిన్ననాట మా నాయనగారి యొద్ద చదివిన భారతము మాకు జ్ఞప్తికి వచ్చినది. కర్ణుని రథము మంచిదే, గుఱ్ఱములు మంచివే. పగ్గములు పట్టినవాడు శల్యుడు. చక్రము క్రుంగుట తరువాతి మాట. మూలవ్యవస్థ మాఱినప్పుడు పాత సారథి దాని యాజ్ఞ వినకపోవచ్చును. లేదా ఆ వ్యవస్థయే పాతవానిని దింపి సరిపడని వేఱొకనిని కూర్చుండబెట్టవచ్చును. రథమున కేమియు కాకున్నను రథము కదలదు. వడ్రంగిని పిలుచుటకు ముందు పగ్గము లెవరి చేత నున్నవో చూచుట మేలు.

ఇట్టి యాపద లోకమున అరుదు కాదు. 2018 అక్టోబరులో ఇంటెల్ కంపెనీవారి ఆడియో డ్రైవ రొకటి అప్‌డేటు ద్వారా పొరపాటున విండోస్ 10 గల కొన్ని యంత్రములలో చేఱగా, అవి మూగవోయెను. మైక్రోసాఫ్టువారు పొరపాటు నొప్పుకొని, ఆ డ్రైవరును తొలగించు మఱియొక అప్‌డేటును ఆ నెలలోనే విడుదల చేసిరి. 2024 అక్టోబరులో వెలువడిన విండోస్ 11 కూర్పు వలన, డిరాక్ అను ధ్వని మెఱుగుపఱచు సాఫ్ట్‌వేరు గల కొన్ని యంత్రములలో లోపలి స్పీకర్లు, బ్లూటూత్ స్పీకర్లు, హెడ్‌సెట్లు పనిచేయుట మానెను. ఆ డిసెంబరులో మైక్రోసాఫ్టువారు అట్టి యంత్రములకు ఆ కూర్పు పోకుండ నిలిపివేసిరి. 2025 జనవరి అప్‌డేటు పిమ్మట యూఎస్‌బీ తీగెతో తగిలించెడి కొన్ని ధ్వనిపరికరములకును ఇట్లే జరిగెను. ఈ మూడింటను చెడినది వస్తువు కాదు. అప్పు డెవరైనను మదర్‌బోర్డు మార్పించుకొని యుండినచో ఆ సొమ్ము వ్యర్థమే.

కావున బయటినుండి లోపలికి, తేలికదానినుండి కష్టమైనదానికి, వరుసగా పరీక్షింపవలెను. విండోస్ 10కి ఉచిత సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినందున విండోస్ 11 లోని మార్గమును చెప్పుచున్నాము.

మొదట, మీటలు చూడుడు. కీబోర్డు పైవరుసలో స్పీకరు బొమ్మ గల మీట యొకటి యుండును. పిల్లల చేయి తగిలియో, తుడుచు గుడ్డ తగిలియో ధ్వని మూతబడి యుండవచ్చును.

రెండవది, ధ్వని యెచటికి పోవుచున్నదో చూడుడు. స్పీకరు గుర్తు నొక్కి, శబ్దము పెంచు గీతకు కుడిప్రక్కనున్న చిన్న గుర్తును నొక్కినచో ఒక పట్టిక వచ్చును. అందు స్పీకర్లు, టీవీ, బ్లూటూత్ ఇయర్‌ఫోను మొదలగు పేరులుండును. అప్‌డేటు తరువాత ఈ యెంపిక మాఱుట కలదు. బీరువాలో నున్న ఇయర్‌ఫోనులో పాఠము జరుగుచుండగా మనము నడవలో కూర్చుండి వినబడలేదనుట ఎట్లుండును!

మూడవది, తీగె గల ఇయర్‌ఫోను తగిలించి చూడుడు. అందు వినబడినచో చిప్పును సారథియు బ్రతికి యున్నట్లే. లోపము లోపలి స్పీకర్లలోనో, వాని తీగెలలోనో, పైని జెప్పిన యెంపికలోనో యుండవచ్చును. అందును వినబడనిచో సారథిని అనుమానింపవలెను.

నాల్గవది, ఒక్క ప్రోగ్రామే మూగయైనదా, అన్నియునా? సెట్టింగ్స్‌లో సిస్టం, అందు సౌండ్, అందు వాల్యూం మిక్సర్ అనుచోట ఒక్కొక్క ప్రోగ్రామునకు వేఱువేఱు గీత లుండును.

ఐదవది, రీస్టార్టు చేయుడు. మూసి తెఱచుట వేఱు, రీస్టార్టు వేఱు. ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటున్న యంత్రము, షట్ డౌన్ అన్నప్పుడు లోని వ్యవస్థలో కొంత భాగమును నిద్రపుచ్చి దాచి, మఱునాడు దానినే లేపును. రీస్టార్టు అన్నప్పుడే అంతయు మొదటినుండి ప్రారంభమగును. మేము నాలుగు దినములు మూయుచు తెఱచుచు నుంటిమే గాని ఒక్కమాఱైనను రీస్టార్టు చేయలేదు.

ఆఱవది, స్టార్టు గుర్తు నొక్కి, సర్వీసెస్ అని వెదకి తెఱచినచో పొడవైన జాబితా వచ్చును. అందు విండోస్ ఆడియో అను పేరుమీద మౌసు కుడిమీట నొక్కి రీస్టార్ట్ అనుడు. ధ్వని పనులు చూచు సేవకుడు అలసి పడియున్నచో లేచును.

ఏడవది సారథి. స్టార్టు గుర్తుమీద కుడిమీట నొక్కి డివైస్ మేనేజర్ తెఱువుడు. సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ అను పంక్తిని విప్పినచో ధ్వని చిప్పు పేరుండును. పేరు కనబడుటయే శుభసూచకము. యంత్రము తన చిప్పును గుర్తించుచున్న దన్నమాట. ప్రక్కన పసుపుపచ్చని త్రికోణమున్నచో సారథితో తగవున్నట్లు. ఆ పేరుమీద కుడిమీట నొక్కి ప్రాపర్టీస్, అందు డ్రైవర్, అందు రోల్ బ్యాక్ డ్రైవర్ అనునది నొక్కినచో పాత సారథి తిరిగి వచ్చును. ఆ మాట వెలవెలబోయి నొక్కుటకు వీలుకానిచో అన్‌ఇన్‌స్టాల్ డివైస్ నొక్కి, యంత్రమును రీస్టార్టు చేయవలెను. లేచునప్పుడు విండోస్ తానే చిప్పును చూచి తగిన డ్రైవరును మఱల పెట్టుకొనును. అట్లును కాకున్నచో యంత్రము అడుగున అంటించిన చీటిలోని మోడలు నంబరు చూచి, దానిని చేసిన కంపెనీ వెబ్‌సైటునుండియే డ్రైవరు తెచ్చుకొనవలెను.

మా యింట ఆఱు మెట్లును గడచినను పలుకు రాలేదు. మా యమ్మాయి ఇయర్‌ఫోనులోను వినబడలేదు. ఏడవ మెట్టున చిప్పు పేరు కనబడినది, త్రికోణము లేదు, రోల్ బ్యాక్ అనుమాట వెలవెలబోయి యున్నది. ఇక తీసివేయుటయే శరణ్యము. నిజముగా తీసివేయవలెనా యని యంత్రము అడిగినప్పుడు మా చేయి నిలిచినది. ఉన్నదియు పోవునేమో! మా వారు "ఆదివారందాక ఆగరాదా, ఎవరినన్న పిలుద్దాం" అనిరి. ఆదివారమునాటికి ఆ చిన్నది రాదని మేము ఎఱుగుదుము. నొక్కితిమి, రీస్టార్టు చేసితిమి. పాఠము తెఱచితిమి.

శబ్దమును నూటికి నూరు వంతులకు జరిపి మఱచితిమని ముందే చెప్పితిమి గదా. "రెండు త్రిభుజములు" అని పంతులుగారు అఱచిన యఱపునకు ఇల్లు దద్దఱిల్లినది. మా యత్తగారు వంటయింటినుండి గరిటెతో పరుగెత్తి వచ్చిరి.

ఇక కొన్ని హెచ్చరికలు. డ్రైవరు చెడినది, ఇచట నొక్కుడు, మేము బాగుచేసెదమని తెఱమీద ఎగిరివచ్చు ప్రకటనలను నమ్మరాదు. వైద్యుని వేషమున వచ్చు దొంగ లుందురు. ఏమియు ఫలింపనిచో నెలవారీ అప్‌డేటును విండోస్ అప్‌డేట్‌లోని అప్‌డేట్ హిస్టరీనుండి తీసివేయవచ్చును. కూర్పే మాఱినచో సెట్టింగ్స్, సిస్టం, రికవరీలోని గో బ్యాక్ ద్వారా పాత కూర్పునకు పోవచ్చును. అయితే సాధారణముగా దీనికి గడువు పదిదినములే. అటుపిమ్మట పాతది తుడిచివేయబడును. దుకాణములో కొన్ని దినములు, ఆలోచనలో కొన్ని దినములు గడచిన ఆ ద్వారము మూతబడును. ముందుగా మన కాగితములను, ఫొటోలను వేఱొకచోట దాచి యుంచుట క్షేమము.

ఇన్ని తిప్పలేల, అప్‌డేటులే మానుదమని యనరాదు. దొంగలు దూఱు కంతలను పూడ్చునవి అవియే. వానిని వేళ యెఱిగి చేయవలెను. పరీక్షకు ముందునాడు, పెండ్లి ప్రయాణమునాడు చేయరాదు. విండోస్ అప్‌డేట్‌లో పాజ్ అను మాట కలదు. దానితో కొన్ని వారములు ఆపుకొనవచ్చును.

వస్తువే చెడుట లేదని మే మనము. నీరు పడినచో, క్రిందపడినచో, డివైస్ మేనేజరులో చిప్పు పేరే లేకపోయినచో, పలుకు బరబరలాడుచున్నచో దుకాణమునకు పోవుటయే యుక్తము. పోవునప్పుడు ఊరక పోక, ఎన్నడు ఆగినదో, అంతకుముందు ఏమి జరిగినదో, ఏయే పరీక్షలు చేసితిరో చీటిపై వ్రాసికొని పొండు. ఇయర్‌ఫోనులో వినబడి లోపల వినబడనిచో "స్పీకర్లే చూడుడు" అని చెప్పగలుగుదురు. చెడిన భాగము నెట్లు గుర్తించితిరో చూపుమని యడుగుడు. అడుగుట అమర్యాద కాదు. బంగారము తూకము అడుగుచున్నాము గదా.

ఆ సాయంకాలమున నలుగురును వచ్చిరి. త్రిభుజముల పాఠము ముగిసిన పిదప, ఈ యేడు మెట్లను మేము చెప్పుచుండగా ఆ చిన్నది తన నోటుపుస్తకమునుండి కాగితము చించి వ్రాసినది. ఆమె వ్రాత మెల్లనిది, అరగంట పట్టినది. ఆ కాగితము ఇప్పుడు మా ల్యాప్‌టాపు సంచిలో నున్నది. దాని యడుగున మేము చెప్పకయే ఆమె మఱియొక పంక్తి చేర్చినది: "పరీక్ష అయ్యేదాక అప్డేటు నొక్కొద్దు, పాజ్ పెట్టాలె."